అమ్మ పక్కన కూర్చుని చదివిన జువాంగ్‌జీ

చైనా ప్రాచీన తత్వమైన తావో (అంటే 'దారి') గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా సగం మాటే చెబుతారు. నీటిలా ఉండు, ప్రవాహానికి ఎదురీదకు, దేన్నీ గట్టిగా పట్టుకోకు. వినడానికి హాయిగా ఉంటాయి. కానీ జ్ఞాపకం జారిపోతున్న తల్లికి పొద్దున లేచి పళ్ళు తోమించి, స్నానం చేయించి, మాత్ర మింగించాల్సిన మనిషికి ఆ సగం మాట అక్కరకు రాదు. మిగతా సగమే వస్తుంది. అది ఎక్కడుందో, నాకు ఎలా ఉపయోగపడుతోందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా అమ్మకు డిమెన్షియా. నేను ఇంట్లోంచే నాలుగైదు చోట్ల వాళ్ళకు లెక్కలు రాసిపెడతాను. తమ్ముడు నెలలో కొన్నాళ్ళు వచ్చి అమ్మను చూసుకుంటాడు, మిగతా రోజులు నేను. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసేటప్పుడు కీబోర్డు చప్పుడుకు కూడా ఉలిక్కిపడి లేస్తుంది. అందుకని ఆ వేళ పని పక్కనపెట్టి పుస్తకం తీయడం అలవాటు చేసుకున్నాను. మొదట తీసింది ప్రాచీన చైనా జ్ఞాని లావోజు పేరు మీద ఉన్న తావో తె చింగ్, తావోకు మూలగ్రంథం. 81 చిన్న అధ్యాయాలు, చైనా లిపిలో మొత్తం ఐదువేల అక్షరాలకు అటూఇటూ. అమ్మ ఎప్పుడు లేస్తుందో తెలియదు కాబట్టి వరసగా చదవడం కుదరదు, చేతికొచ్చిన పేజీ తెరవడమే. ఇది ఆ పుస్తకానికి అపచారమేమీ కాదని తర్వాత తెలిసింది. 1973లో చైనాలోని మావాంగ్‌దుయి దగ్గర క్రీ.పూ. 168లో మూసిన సమాధిని తవ్వితే పట్టుబట్ట మీద రాసిన ప్రతులు దొరికాయి. వాటిలో మనం రెండో భాగమనుకునేది ముందుంది. 1993లో అక్కడే గువోదియాన్ అనే చోట బయటపడిన, ఆ పుస్తకపు భాగాలు రాసి ఉన్న వెదురు బద్దలు అంతకన్నా పాతవి, వాటిలో వరస పూర్తిగా వేరు. ఆ పుస్తకం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలన్నది అంత గట్టిగా తేలిన విషయం కాదన్నమాట.

అయితే నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది లావోజు కాదు, జువాంగ్‌జీ. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో, చైనా రాజ్యాలు ఒకదాన్నొకటి నమిలేసుకుంటున్న కాలంలో బతికిన మనిషి. ఆయన పేరుతో 33 అధ్యాయాలున్నాయి. మొదటి ఏడు ఆయన సొంత గొంతుకు దగ్గరగా ఉన్నవనీ, మిగతావాటిలో శిష్యుల, అనుయాయుల చేయి ఉందనీ పండితులు చెబుతారు. లావోజు సూత్రం చెబుతాడు. జువాంగ్‌జీ కథ చెబుతాడు, ఆ కథలో మనుషులు మాట్లాడుకుంటారు, వాదించుకుంటారు, విసుక్కుంటారు. ఇంట్లో రోజంతా ఒకే ప్రశ్నకు జవాబు చెబుతూ గడిపేదానికి ఆ మాటల సందడి ఎంతో తోడు.

ఖాళీ పడవ కథ చాలామందికి తెలుసు. నది దాటుతున్నవాడి పడవను ఇంకో పడవ వచ్చి గుద్దుతుంది. అందులో ఎవరూ లేకపోతే ఎంత కోపిష్ఠివాడైనా ఊరుకుంటాడు. అందులో మనిషి ఉన్నాడంటే మాత్రం ఒకసారి అరుస్తాడు, రెండోసారి అరుస్తాడు, మూడోసారి తిట్ల దండకం ఎత్తుకుంటాడు. గుద్దుకోవడం అదే, పడవలు అవే. మనసులో మారిందల్లా అవతల ఒక మనిషి ఉన్నాడన్న ఊహ.

అమ్మ నన్ను దొంగ అంటుంది. "నా ఉంగరం నువ్వే తీశావు, నాకు తెలుసు" అంటుంది. ఈ జబ్బులో దొంగతనం నిందలు మామూలేనని డాక్టర్లు చెబుతారు. వస్తువు ఎక్కడ పెట్టిందో గుర్తుండదు, గుర్తులేదన్నదీ గుర్తుండదు, ఆ ఖాళీని మెదడు ఏదో ఒక కథతో పూడుస్తుంది. నింద వెనక నన్ను బాధపెట్టాలనుకునే మనిషి ఎవరూ లేరు. ఖాళీ పడవ అనుకోగానే ఆ మాట తగలడం మానేస్తుంది. ఇంతవరకు కథ చేసే సాయం చాలా పెద్దది.

కానీ కథ అక్కడ ఆగదు. 20వ అధ్యాయంలో ఈ ఉపమానం వచ్చేది ఒకాయన లూ దేశపు ప్రభువుకు చెప్పే సలహాలో. మనిషి తనను తాను ఖాళీ చేసుకుని లోకంలో తిరగగలిగితే అతనికి హాని ఎవరు చేయగలరు అని ఆయన ముగిస్తాడు. అంటే ఖాళీ కావలసింది ఎదుటి పడవ కాదు, నాది. నేను గదిలోకి ఎలా వెళ్తున్నానన్నది అసలు ప్రశ్న. మనసులో సగం పూర్తైన లెక్కా, తొందరా, "ఈ మాత్ర మింగిస్తే ఒక పనైపోతుంది" అన్న ఆత్రం నింపుకుని వెళ్తే అమ్మ నా ముఖం చూడగానే బిగుసుకుంటుంది. మాటలు అర్థంకాకపోయినా స్వరం అర్థమవుతుంది, భుజాల బిగువు అర్థమవుతుంది. అమ్మ నదిలో నేనే మనిషున్న పడవను. అందుకని గుమ్మం దగ్గర కాసేపు ఆగి, చేతిలోది కింద పెట్టి, వట్టి చేతులతో లోపలికి వెళ్తాను. మాత్ర తర్వాత తెచ్చుకోవచ్చు. ఇంకొక మాట కూడా చెప్పాలి. అమ్మ పడవ నిజంగా ఖాళీ కాదు. నింద ఖాళీదే కానీ, నింద వెనక ఉన్న భయం ఖాళీది కాదు. తన వస్తువులు ఒక్కొక్కటే మాయమవుతున్న ఇంట్లో ఎవరికైనా భయమే. అందుకని "నేను తీయలేదమ్మా" అని వాదించను. "పోయిందా? పద, ఇద్దరం వెతుకుదాం" అంటాను. వెతుకుతూ ఉండగానే చాలాసార్లు ఉంగరం సంగతి మరిచిపోతుంది. చేయి పట్టుకుని నడిచామన్న హాయి మాత్రం కాసేపు నిలుస్తుంది.

కోతుల కథ కూడా ఇలాగే సగం మీద నడుస్తోంది. కోతుల్ని పెంచేవాడు పొద్దున మూడు, సాయంత్రం నాలుగు గింజలిస్తానంటే కోతులకు కోపమొచ్చింది. సరే, పొద్దున నాలుగు, సాయంత్రం మూడు అన్నాడు. కోతులు సంతోషించాయి. కోతుల తెలివితక్కువతనానికి ఉదాహరణగా ఈ కథ చెబుతుంటారు. లెక్కలు రాసేదాన్ని కాబట్టి నాకూ మొదట మొత్తం ఏడే కనిపించింది. జువాంగ్‌జీ చూపు మాత్రం పెంచేవాడి మీద ఉంది. అతను తన లెక్కలో ఒక్క గింజ పోగొట్టుకోకుండా ఎదుటివాళ్ళ ఇష్టాన్ని నిలబెట్టాడు. రెండు దారుల్లోనూ ఒకేసారి నడవగలగడమని రచయిత దాన్ని మెచ్చుకుంటాడు. పైగా మొత్తం అనేది లెక్కరాసేవాళ్ళకు ముఖ్యం. రోజును క్షణం క్షణంగా బతికేవాళ్ళకు వరసే ముఖ్యం.

అమ్మకు స్నానం పొద్దున ఇష్టం ఉండదు. మా ఇంట్లో పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అందరం పొద్దునే చేస్తాం కనుక అమ్మా అప్పుడే చేయాలన్నది నా లెక్క. ఇప్పుడు మధ్యాహ్నం, గది వెచ్చబడ్డాక, కునుకు తీసి లేచిన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చేయిస్తున్నాం. ఒక మాత్రను కూడా డాక్టరుగారిని అడిగి, ఆయన సరేనన్నాకే పొద్దున్నుంచి రాత్రికి మార్చాను. రోజు మొత్తంలో ఏదీ తగ్గలేదు. కేకలు మాత్రం చాలా తగ్గాయి.

ఇక వంటవాడు డింగ్. మూడో అధ్యాయంలో వస్తాడు. ఈయన దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్తుంటాను.

డింగ్ వెన్‌హుయి ప్రభువు ముందు ఎద్దును కోసి భాగాలు చేస్తుంటాడు. చేయి, భుజం, పాదం, మోకాలు అన్నీ ఒక నాట్యపు లయలో కదులుతుంటాయి. ఇంత నైపుణ్యం ఎలా వచ్చిందని ప్రభువు అడిగితే చెబుతాడు. మొదట్లో నాకు ఎద్దు మొత్తం కనిపించేది, మూడేళ్ళ తర్వాత మొత్తం ఎద్దు కనిపించడం మానేసింది, ఇప్పుడు కళ్ళతో కాకుండా మనసుతో ఎదుర్కుంటాను అంటాడు. మామూలు వంటవాడు నెలకో కత్తి మారుస్తాడు, నరుకుతాడు కాబట్టి. మంచి వంటవాడు ఏడాదికో కత్తి మారుస్తాడు, కోస్తాడు కాబట్టి. తన కత్తికి 19 ఏళ్ళు, వేల ఎద్దుల్ని కోసింది, అయినా ఇప్పుడే సాన పట్టినట్టుంది. కీళ్ళ మధ్య సందులుంటాయి, కత్తి అంచుకు మందం ఉండదు, మందం లేనిది సందులోకి పోతే తిరగడానికి కావలసినంత చోటు.

ఇక్కడితో ఆపేస్తే ఇది పనితనం గురించిన అందమైన కథ. ఆపకూడదు. వెంటనే డింగ్ ఇంకో మాట అంటాడు. ఎంత చేయి తిరిగినా, చిక్కుముడి లాంటి చోటికి వచ్చినప్పుడు ఇది కష్టమని గుర్తిస్తాను, జాగ్రత్త తెచ్చుకుంటాను, చూపు నిలుపుతాను, చేయి నెమ్మది చేస్తాను, కత్తిని అతి కొద్దిగా కదుపుతాను అంటాడు. అలవోకగా సాగిపోవడమే తావో అనుకునేవాళ్ళు ఈ వాక్యాన్ని దాటేస్తారు. 19 ఏళ్ళ తర్వాత కూడా ముడి ముడే. దాని దగ్గర అందరూ మెల్లబడాల్సిందే.

అమ్మకు ఎడమ భుజం బిగుసుకుంది. జాకెట్టు తొడగడం మా ఇంట్లో ముడి. ఫిజియోథెరపిస్టు నేర్పిన పద్ధతి ఇది. తొడిగేటప్పుడు బిగుసుకున్న చేయి ముందు, తీసేటప్పుడు అదే చివర. మంచి చేయి వంగుతుంది, తిరుగుతుంది, మిగిలిన ఇరుకులోంచి అదే దారి చేసుకుంటుంది. చెప్పడానికి ఒక వాక్యం. చేసేటప్పుడు అందులో ఎన్నో చిన్న కీళ్ళున్నాయి. అమ్మ చేతిని నేను లాగితే భుజం ఎదురు తిరుగుతుంది, అదే నా చేతిని స్లీవు లోపలి నుంచి పంపి అమ్మ వేళ్ళు పట్టుకుంటే అమ్మే నా చేతిని పట్టుకుని ముందుకు జరుగుతుంది. "చేయి చాపమ్మా" అంటే చాపదు. నేను చేయి చాపి చూపిస్తే చాపుతుంది. "స్నానానికి పోదాం" అంటే వద్దంటుంది, "నీళ్ళు వేడిగా ఉన్నాయేమో చెప్పవా" అంటే వచ్చి వేళ్ళు ముంచుతుంది. స్నానం అనే మొత్తం ఎద్దు నాకు ఇప్పుడు కనిపించదు. వేళ్ళు నీళ్ళలో ముంచడం, స్టూలు మీద కూర్చోవడం, ఒడిలో తువాలు పరుచుకోవడం, ఇవి కనిపిస్తాయి. ఒక్కో దానికీ ఒక్కో సందు.

అన్నీ విన్న ప్రభువు చివర అన్న మాట నన్ను ఎంతగానో ఆలోచనలో పడేసింది. బాగుంది, డింగ్ మాటలు విని ప్రాణాన్ని ఎలా పోషించుకోవాలో తెలుసుకున్నాను అంటాడు. ఎద్దును కోసే కథలో ప్రాణపోషణ ఎక్కడుంది? కత్తిలో ఉంది. ఆ అధ్యాయం పేరే ప్రాణాన్ని పోషించుకోవడం గురించినది. అరిగిపోకుండా మిగలాల్సింది కత్తి. మా ఇంట్లో ఆ కత్తిని నేను, మా తమ్ముడు. ఇలాంటి జబ్బున్న మనిషిని చూసుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ప్రేమ లేక ఎవరూ విరిగిపోలేదు. ఎముక మీద నరికి నరికి మొద్దుబారిపోయారు. రోజూ అదే చోట అదే బలంతో తోయడం, అదే గొడవ, అదే ఏడుపు. అమ్మకు సుఖమైన దారే నాకూ అరుగుదల లేని దారి అని డింగ్ వల్ల నాకు తెలిసింది. ఆమె కోసం నన్ను అరగదీసుకోవాలన్న త్యాగభావం ఈ కథలో చెల్లదు. పని ముగిశాక డింగ్ ఏం చేస్తాడో కూడా రాశారు. కత్తి పట్టుకుని లేచి నిలబడి చుట్టూ చూస్తాడు, తృప్తి పడతాడు, కత్తి తుడిచి లోపల పెడతాడు. లోపల పెట్టడం కూడా పనిలో భాగమే. తమ్ముడు వచ్చిన రోజుల్లో నేను వేరే ఊరెళ్ళి ఫోను తక్కువగా చూస్తూ నిద్రపోతాను. ఎవరైనా "అమ్మను వదిలి ఎలా వెళ్తావు" అంటే డింగ్ పేరు చెప్పను గానీ నాకు ధైర్యం అక్కడి నుంచే వస్తుంది.

అమ్మ రాత్రిళ్ళు లేచి నడుస్తుంది. ఆపితే కొడుతుంది, మళ్ళీ లేస్తుంది. ఈ విషయంలో నాకు దారి చూపింది గ్రంథం కాదు, ఒక నది పని. చైనాలోని సిచువాన్‌లో మిన్ నది మీద దూజియాంగ్‌యాన్ ఉంది. క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి కట్టించాడు. అది ఆనకట్ట కాదు. నదిని అడ్డుకోకుండా, మధ్యలో చేప నోటి ఆకారంలో ఒక గట్టు పెట్టి రెండు పాయలుగా చీల్చాడు. ఒక పాయ కొండను తొలిచిన ఇరుకు దారిలోంచి చెంగ్‌దూ మైదానానికి పోతుంది. వరద ఎక్కువైతే మిగులు నీరూ ఇసుకా పక్కనున్న పొర్లుకట్ట మీదుగా అసలు నదిలోకే తిరిగి పోతాయి. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తోంది. పక్కనే తావో మతానికి ముఖ్యమైన చింగ్‌చెంగ్ కొండ ఉంది. ఆ రెంటినీ కలిపి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అక్కడ తరతరాలుగా చెప్పుకునే నియమం ఒకటుంది. నది అడుగును లోతుగా తవ్వు, గట్టు తక్కువ ఎత్తులో కట్టు. నదిని దాని దారిన పోనిచ్చేశారనుకుంటే పొరపాటు. ఏటా నీళ్ళు తగ్గే కాలంలో పేరుకున్న ఇసుకను మనుషులు దిగి తవ్వి తీసేవారు. ఎదిరించకపోవడానికి అంత చాకిరీ ఉంది.

అమ్మ నడకకు కూడా మేం గట్టు తక్కువే కట్టాం. తలుపు గడియ పెట్టి నిలేయడం లేదు. హాల్లోంచి చిన్న బల్లలన్నీ తీసేశాం, కాలికి తగిలే పట్టాలు చుట్టేశాం, వైర్లు గోడకు కొట్టించాం, నడిచే దారంతా సన్నటి దీపాలు పెట్టించాం, వీధి తలుపుకు మాత్రం తీస్తే మోగే గంట కట్టాం. అమ్మ హాలు చుట్టూ తిరిగి తిరిగి అలిసి తనే వచ్చి కూర్చుంటుంది. ప్రతి రాత్రీ పడుకునేముందు ఆ దారిలో ఏదైనా పడి ఉందేమో చూసి తీయడం మాత్రం మానకూడదు. ఒక్క చెప్పు చాలు, ఎముక విరగడానికి.

సాయంత్రాలు ఇంకా కష్టం. పొద్దు వాలగానే అమ్మలో అలజడి మొదలవుతుంది. నన్ను తన అక్క అనుకుంటుంది. "అక్కా, ఇంటికెప్పుడు పోదాం?" అని అడుగుతుంది. ఇదే మన ఇల్లు అంటే ఏడుస్తుంది. "పోదాంలే, కాసేపు కూర్చుందాం రా" అని కూర్చుంటాను. తావో తె చింగ్ 15వ అధ్యాయంలో బురద నీటి ప్రశ్న ఉంది. బురద నీటిని ఎవరు తేర్చగలరు? కదపకుండా ఉంచితే మెల్లగా తేరుకుంటుంది. అందరూ చెప్పేది ఇదే. వెంటనే వచ్చే రెండో ప్రశ్నను ఎవరూ చెప్పరు. నిలిచిపోయినదానికి మెల్లగా కదలిక తెచ్చి ఎవరు ప్రాణం పోయగలరు? కూర్చోబెట్టేసి వదిలేస్తే అమ్మ కళ్ళు ఎటో చూస్తూ ఉండిపోతాయి. అందుకని అలజడి తగ్గాక లేపుతాను. మడతపెట్టిన తువాళ్ళు విప్పేసి ఇస్తే మళ్ళీ మడతపెడుతుంది, అంచులు అంచులకు సరిగ్గా కలిపి. ఆ చేతుల్లో ఇంకా మా అమ్మ ఉంది.

చుట్టాలకు జువాంగ్‌జీలోని హుండున్ కథ చెప్పాలనిపిస్తుంది. దక్షిణ సముద్రపు రాజు, ఉత్తర సముద్రపు రాజు తరచూ మధ్యదేశపు రాజు హుండున్ దగ్గర కలిసేవారు. ఆయన ఎంతో ఆదరించేవాడు. ఆ ఋణం తీర్చుకోవాలనుకున్నారు. మనుషులందరికీ చూడ్డానికి, వినడానికి, తినడానికి, ఊపిరికి ఏడు రంధ్రాలున్నాయి, పాపం ఈయనకొక్కటీ లేదని రోజుకొకటి చొప్పున తొలిచారు. ఏడో రోజు హుండున్ చనిపోయాడు. ప్రేమతోనే తొలిచారన్నది ఇందులో గుండెను కోసే సంగతి. మా మేనమామ కూతురు వచ్చినప్పుడల్లా "అత్తా, నేనెవరో చెప్పు చూద్దాం" అంటుంది. చెప్పలేక అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంటుంది. అది పరీక్ష. దయచేసి పరీక్ష పెట్టకండి. "అత్తా, నేను ఫలానా, నిన్ను చూద్దామని వచ్చాను" అని మీరే చెప్పి పక్కన కూర్చోండి. ఎవరో తెలియకపోయినా వచ్చినందుకు సంతోషిస్తుంది.

ఒక కథ దగ్గర మాత్రం నేను జువాంగ్‌జీతో నడవలేకపోతున్నాను. భార్య చనిపోతే ఆయన కాళ్ళు చాపుకుని కూర్చుని, గిన్నె మీద దరువేస్తూ పాడుతుంటాడు. పరామర్శకు వచ్చిన మిత్రుడు హుయిజీకి ఒళ్ళు మండుతుంది. నీతో కాపురం చేసింది, పిల్లల్ని పెంచింది, ముసలిదైంది. ఏడవకపోవడమే ఎక్కువ, పైగా దరువా అని అడుగుతాడు. జువాంగ్‌జీ జవాబు అందరికీ తెలుసు. పుట్టకముందు ఆమెకు రూపం లేదు, మార్పులో రూపం వచ్చింది, మార్పులోనే పోయింది, ఋతువులు మారినట్టు. ఆ జవాబులో మొదటి వాక్యాన్ని నేను వదలను. ఆమె పోయిన మొదట్లో నాకు మాత్రం దుఃఖం కలగలేదా అంటాడు. సరే, కలిగింది. ఆ తర్వాత ఆయన ఆలోచించి దాటగలిగాడు. నాకు దాటడానికి గట్టే కనిపించదు. మా అమ్మ ఇక్కడే ఉంది, రోజూ కాస్త కాస్త వెళ్తోంది. ఋతువులతో పోలిక నిజమే కావచ్చు గానీ, నేను మాత్రం హుయిజీ పక్కనే నిలబడతాను.

ఆ హుయిజీ కూడా చనిపోయాడు. 24వ అధ్యాయంలో జువాంగ్‌జీ అతని సమాధి ముందుగా వెళ్తూ వెంట ఉన్నవాళ్ళకు ఒక కథ చెబుతాడు. ఒకడి ముక్కు మీద ఈగ రెక్కంత పలచగా సున్నం అంటుకుంటే, వడ్రంగి షీ గాలి లేచేలా గొడ్డలి తిప్పి సున్నం చెక్కేస్తాడు. ముక్కుకు గాయం కాదు, అతను కదలడు. సోంగ్ ప్రభువు విని, నాకూ చేసి చూపించు అంటాడు. అప్పట్లో చేసేవాణ్ణి, కానీ ఎదురుగా నిలబడేవాడు పోయి చాలాకాలమైంది అంటాడు వడ్రంగి. కథ చెప్పి జువాంగ్‌జీ అంటాడు, హుయిజీ పోయాక నాకూ ఎవరూ లేరు, మాట్లాడుకోవడానికి ఎవరూ లేరు.

గిన్నె కొట్టి పాడినవాడే ఈ మాటన్నాడు. దీన్ని చదివాక ఆయన మీద నాకు కోపం పోయింది. నేను చిన్నప్పుడు దేనికి భయపడేదాన్నో, మొదట ఏ మాట పలికానో, నాన్నతో ఏ విషయంలో పోట్లాడానో తెలిసిన మనిషి అమ్మ ఒక్కతే. తమ్ముడు అప్పటికి పుట్టలేదు. వాటిలో కొన్ని ఇప్పటికే అడిగినా రావు. వచ్చేవి ఇంకా ఉన్నాయి. తువాళ్ళు మడతపెట్టేటప్పుడు అడుగుతున్నాను, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాను.